సామ్రాజ్యం మొదలుపెట్టడం

స్టెల్లారిస్ ఆట 2200 జనవరి 1న మొదలవుతుంది. ఆడేవారి చేతిలో ఒక గ్రహం, దాని నక్షత్రం దగ్గర ఒక అంతరిక్ష స్థావరం, పరిశోధనకు ఒక నౌక, నిర్మాణానికి ఒక నౌక, యుద్ధానికి మూడు చిన్న కార్వెట్‌లు ఉంటాయి. చుట్టూ వందల నక్షత్రాలు చుక్కలుగా కనిపిస్తాయి గాని, ఏ చుక్క దగ్గర ఏముందో తెలియదు. తెర మీద తేదీ కదలకుండా నిలిచి ఉంటుంది. ఆట ఆగిన స్థితిలోనే తెరుచుకుంటుంది. స్పేస్ మీట నొక్కితే తప్ప జనవరి 2 రాదు. స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ సంస్థ 2016 మే 9న విడుదల చేసిన ఈ ఆటలో కొత్తవారు నేర్చుకోవలసిన మొదటి విద్య ఆ మీటదే. ఏమీ అర్థం కానప్పుడు ఆపాలి. తెరలన్నీ తీరిగ్గా చదువుకోవాలి. శత్రువు కూడా అంతసేపూ ఓపిగ్గా నిలబడి ఉంటాడు.

హెర్న్‌డన్‌లో స్థిరపడిన ఒక తెలుగు వైద్యుడు అరవై రెండో ఏట ఈ ఆట మొదలుపెట్టారు. ఆయన పుట్టింది పత్తికొండలో, వైద్యం చదివింది కర్నూలులో. పనిచేసేది అంటువ్యాధుల విభాగంలో. పుస్తకాల మనిషి. వీడియో ఆటలంటే ఆయనకు అంతకుముందు ద్వేషమూ లేదు, ఆసక్తీ లేదు. ఇంట్లో మరో గదిలోంచి వినిపించే చప్పుడుగానే అవి ఆయనకు పరిచయం. ఆ చప్పుడు చేసే కొడుకు రెండేళ్ళ క్రితం నాలుగు గంటల దూరంలోని విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. ఆదివారాల ఫోను క్రమంగా నాలుగు నిమిషాలకు కుదించుకుపోయింది. తిన్నావా, తిన్నాను. చదువెలా ఉంది, బాగుంది. అమ్మకియ్యనా, ఇయ్యి. అమ్మతో మాత్రం అరగంట మాట్లాడేవాడు. ఆ అరగంటలో ఏం మాట్లాడుకున్నారో ఆయనకు సారాంశంగా అందేది.

ఆట వైపు ఆయన్ని లాగింది ఒక పేరు. సెలవుల్లో వచ్చిన కొడుకు కంప్యూటర్ దగ్గర ఎవరితోనో మాట్లాడుతూ, ‘లె గ్విన్ తర్వాత ఎకానమీ మొత్తం మారిపోయింది’ అన్నాడు. ఉర్సులా లె గ్విన్ నవలలు మూడుసార్లు చదివిన మనిషికి ఆ వాక్యం ఏ విధంగానూ అర్థం కాలేదు. కనుక్కుంటే తేలిందేమిటంటే, ఈ ఆటలో చేసే పెద్ద మార్పులకు వైజ్ఞానిక కల్పనా రచయితల పేర్లు పెడుతూ వచ్చారు. క్లార్క్, అసిమోవ్, హైన్‌లైన్, బ్యాంక్స్ అయ్యాక, యంత్రాల సామ్రాజ్యంగా ఆడే వీలు వచ్చిన 2017 నాటి మార్పుకు చాపెక్ పేరు పెట్టారు. రోబో అన్న మాటను 1920లో తన నాటకం ద్వారా లోకానికి ఇచ్చిన చెక్ రచయిత ఆయన కనుక ఆ ఎంపిక సముచితమే. గ్రహాల ఆర్థిక వ్యవస్థను మొదలంటా తిరగరాసిన 2018 డిసెంబరు మార్పుకు, ఆ ఏడాది జనవరిలోనే మరణించిన లె గ్విన్ పేరు పెట్టారు. ఆస్తీ, ప్రభుత్వమూ లేని సమాజాన్ని నవలగా ఊహించిన మనిషి పేరును ఉద్యోగాలు, వినియోగ వస్తువుల పట్టికలకు తగిలించడంలో ఉన్న హాస్యం ఆ స్టాక్‌హోమ్ వాళ్ళకు తెలిసే ఉంటుంది. ఏమైనా, లె గ్విన్‌ను చదివినవాళ్ళు చేసిన వస్తువు చూడదగ్గదే అని వైద్యుడు నిర్ణయించుకున్నారు. కొడుకుతో మాట్లాడడానికి ఒక విషయం దొరుకుతుందన్న ఆశ ఉందా అని భార్య అడిగితే, లె గ్విన్ కోసమేనన్నారు. ఆవిడ నమ్మలేదు.

మొదలుపెట్టేవారికి నిజంగా కావలసిన సలహాలు కొన్నే. కొత్తలో అనుబంధాలేవీ కొనక్కరలేదు. ఏళ్ళ తరబడి వరసగా వచ్చిన ఆ అనుబంధాల జాబితా చూసి బెదిరి వెనక్కి పోయినవాళ్ళున్నారు. నక్షత్రమండలాన్ని చిన్నదిగా పెట్టుకోవాలి. రెండు వందల నక్షత్రాల నుంచి వెయ్యి దాకా ఎంచుకునే వీలున్నా, వెయ్యి పెట్టుకున్నవాడు నాలుగో రోజుకు తన పొలిమేర ఎక్కడో తనే మరిచిపోతాడు. సొంత సామ్రాజ్యాన్ని కల్పించుకోవడం ఎంత ఊరించినా, మొదటిసారి ఆటవాళ్ళు సిద్ధం చేసి ఇచ్చిన భూమి సమాఖ్యనే తీసుకోవడం మేలు. కొడుకు కూడా ఫోనులో అదే చెప్పాడు. ‘ఎర్త్ తీసుకో నాన్నా, అందరితో మంచిగా ఉండొచ్చు, నీకు సరిపోతుంది.’ ఆ చివరి మాటలో ఎంత మెచ్చుకోలు, ఎంత వెక్కిరింత అన్నది ఆయన తేల్చుకోలేకపోయారు.

అయినా సొంత సామ్రాజ్యం తెర ముందు ఆయన రెండు సాయంత్రాలు గడిపారు. ఆ తెర మీద ఆట అడిగే ప్రశ్న చిత్రమైనది: మీ జనం స్వభావం ఏమిటి? నాలుగు జంటలుగా ఎనిమిది స్వభావాలు ఎదురెదురుగా ఉంటాయి. యుద్ధప్రియత్వానికి ఎదురుగా శాంతి, పరజాతి ద్వేషానికి ఎదురుగా పరజాతి ప్రేమ, సమానత్వానికి ఎదురుగా అధికారం, భౌతికవాదానికి ఎదురుగా ఆధ్యాత్మికత. ఖర్చుపెట్టడానికి మూడు పాయింట్లు ఇస్తారు. ఏ గుణాన్నయినా అతిగా కావాలనుకుంటే దానికే రెండు పోతాయి. ఒక జాతి మొత్తాన్ని మూడు పాయింట్లలో చెప్పమనడం మొరటుతనమే. కాని ఆ మొరటుతనంలో ఒక నిజాయితీ ఉంది. అన్నీ కావాలంటే కుదరదని మొదటి తెర మీదే చెప్పేస్తుంది.

ఇక స్పేస్ మీట నొక్కాక, నక్షత్ర యుద్ధాల కోసం కూర్చున్నవాడికి మొదటి యాభై ఏళ్ళూ కరణం లెక్కలే. శక్తి, ఖనిజాలు, ఆహారం, మిశ్రలోహాలు, వినియోగ వస్తువులు, పలుకుబడి, ఐక్యత: ఇవి ఖాతాలు. నెలనెలా ప్రతి ఖాతాకూ ఎంత జమ, ఎంత ఖర్చు అన్నది తెర పైఅంచున అంకెల్లో ఉంటుంది. అంకె ఎర్రబడితే ఏదో ఒక గ్రహంలో ఎవరికో ఏదో తక్కువైందని అర్థం. గనుల్లోంచి ఖనిజం వస్తుంది. ఖనిజాన్ని కొలిమిలో పెడితే మిశ్రలోహం అవుతుంది. మిశ్రలోహం లేనిదే ఓడ లేదు, కొత్త నక్షత్రంలో స్థావరం లేదు. పరిశోధకులను పెంచుకుందామంటే వాళ్ళు వినియోగ వస్తువులు వాడతారు, అవి కూడా ఖనిజంతోనే తయారు కావాలి. ఖజానాలో ఖనిజం గుట్టలు పోసుకుని గర్వపడేవాడు అనుభవం లేనివాడు. నిలవ ఉన్న సరుకు ఈ ఆటలో పని చేయని సరుకు. ఈ ఆర్థిక భాగం ఆటలోకెల్లా గొప్ప భాగమని చెప్పక తప్పదు. యుద్ధాలు దీని ముందు వెలవెలబోతాయి. రెండు నౌకాదళాలు ఎదురుపడి రంగురంగుల గీతలు గీసుకుంటాయి, ఎవరి లెక్కలు ముందే బాగున్నాయో వాళ్ళు గెలుస్తారు.

వైద్యుడికి ఇక్కడ ఆముక్తమాల్యద గుర్తుకు రావడంలో వింత లేదు. వాదంలో గెలిచి రాజ్యం పొందిన యామునాచార్యుడు, దాన్ని వదిలిపోతూ కొడుక్కు రాజనీతి చెప్పే భాగం అందులో ఉంది. చెప్పించినవాడు కృష్ణదేవరాయలు, అంటే స్వయంగా సామ్రాజ్యం నడుపుతున్నవాడు. ఆ ఉపదేశంలో కత్తుల మాట ఎంత ఉందో, చెరువుల మాట, రేవుల మాట, దూరదేశపు వర్తకుల మాట అంత ఉంది. గుర్రాలు, ఏనుగులు దిగుమతి చేసేవాళ్ళను మర్యాదగా చూసుకోవాలని, లేకపోతే అవి శత్రువు చేతికి పోతాయని చెప్పినవాడికి మిశ్రలోహాల ఖాతా అర్థం కావడానికి ఐదు నిమిషాలు పట్టదు. అక్కడ తండ్రి చెబుతుంటే కొడుకు వింటాడు. ఈ ఇంట్లో చెప్పేవాడు కొడుకు. ఆదివారం ఫోను ఏడు నిమిషాలయింది, తరువాత పన్నెండు.

‘నాన్నా, నీ సైన్స్ షిప్ ఊరికే నిలబెట్టావా?’

‘పక్క నక్షత్రంలో ఏదో వింత ఉందంది. చదువుతున్నా.’

‘చదువు, కాని ఇంకొకటి కొను. రెండన్నా ఉండాలి. ఖాళీగా ఉండనియ్యకు.’

పరిశోధన నౌక పని సర్వే. ఒక్కొక్క నక్షత్రానికీ వెళ్ళి, ఏ గ్రహంలో ఏ ఖనిజముంది, ఎక్కడ మనుషులు బతకవచ్చు, ఎక్కడ పాత నాగరికతల శిథిలాలున్నాయి అని రాసుకొస్తుంది. ఆ రాతల కోసమే ఈ ఆట ఆడేవాళ్ళున్నారు. మొదటి ఇరవై ముప్ఫై ఏళ్ళలో తెర మీద తెరుచుకునే చిన్నచిన్న కథలలో కొన్ని మంచి కథానికల స్థాయికి వస్తాయి. నడిమి భాగానికి వచ్చేసరికి ఆ కథలు తగ్గి, సరిహద్దులు బిగుసుకుని, ఆట నీరసపడుతుంది. ఆరంభం ఇంత బాగుండి మధ్యలో ఇంత చప్పబడే ఆట ఇంకోటి ఉండకపోవచ్చు.

ఈ తరహా ఆటలకు ఇంగ్లీషులో ఫోర్ ఎక్స్ అని పేరు. 1993లో మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే అంతరిక్ష సామ్రాజ్యపు ఆట రాబోతున్నప్పుడు, దాన్ని కంప్యూటర్ గేమింగ్ వరల్డ్ పత్రికలో పరిచయం చేస్తూ అలన్ ఎమ్రిచ్ ఆ మాట పుట్టించాడు. ఆ ఆటను ప్రచురించిన మైక్రోప్రోస్ సంస్థ అప్పట్లో ఉండేది హెర్న్‌డన్‌కు పక్క రాష్ట్రంలోనే, బాల్టిమోర్‌కు ఉత్తరాన. అన్వేషించు, విస్తరించు, వాడుకో, నిర్మూలించు: ఎక్స్ శబ్దంతో మొదలయ్యే నాలుగు ఇంగ్లీషు క్రియలివి. ముప్ఫై ఏళ్ళుగా లక్షల మంది చమత్కారంగా వాడుకుంటున్న ఈ నాలుగు మాటల్లో నాలుగోది వింటే నవ్వు రాని వృత్తులు కొన్ని ఉన్నాయి. స్టెల్లారిస్‌లో నాలుగోది ఐచ్ఛికమే. అందరితో కూటమి కట్టి కూడా ఆడవచ్చు. పరజాతి నిర్మూలననే తన ధర్మంగా పెట్టుకున్న సామ్రాజ్యంగా ఆడే వీలూ ఉంది. దానికీ తెర ఒకటే, ఖాతాలూ అవే.

మొదటి మూడు క్రియలకు హెర్న్‌డన్ ఊరి పేరులోనే ఒక కథ ఉంది. విలియం లూయిస్ హెర్న్‌డన్ అమెరికా నౌకాదళాధికారి. 1851లో ప్రభుత్వం పంపగా లిమా నుంచి బయలుదేరి, ఆండీస్ పర్వతాలు దాటి, అమెజాన్ నది వెంట దిగుతూ 1852లో అట్లాంటిక్ తీరం చేరాడు. ఆయన నివేదిక పుస్తకంగా అచ్చయి బాగా చదివించుకుంది. దాన్ని చదివి అమెజాన్ వెళ్ళి కోకా వ్యాపారం చేద్దామని బయలుదేరిన ఒక యువకుడు న్యూ ఆర్లియన్స్ దాకా వచ్చి, అటువైపు పోయే ఓడ లేదని తెలిసి, మిసిసిపీ మీద పడవ నడపడం నేర్చుకుని, కొన్నాళ్ళకు మార్క్ ట్వేన్ అయ్యాడు. పుస్తకం ఇవాళ్టికీ హాయిగా చదువుకోదగ్గది. నది లోతు, ఊరి జనాభా, చెట్టు పేరు, సరుకు ధర వరసగా ఉంటాయి. మనుషుల మీద ఆపేక్షా ఉంటుంది. అయితే ఆ యాత్ర వెనుక ఉన్న మనిషి ఆయన బావ, నౌకాదళ శాస్త్రవేత్త మాథ్యూ మోరీ. అమెరికా దక్షిణాది తోటల యజమానులు తమ బానిసలతో సహా అమెజాన్ లోయకు తరలిపోవచ్చునన్నది మోరీ పథకం. ఆ పథకం పారలేదు. హెర్న్‌డన్ ఆ తరువాత సెంట్రల్ అమెరికా అనే ఓడకు కెప్టెన్ అయ్యాడు. 1857 సెప్టెంబరులో, కాలిఫోర్నియా బంగారంతో వస్తున్న ఆ ఓడ తుఫానులో చిక్కితే, స్త్రీలను, పిల్లలను పడవల్లో దాటించి తను ఓడతో మునిగిపోయాడు. మరుసటి ఏడాది వర్జీనియాలో ఒక పల్లె తన తపాలా కార్యాలయానికి ఆయన పేరు పెట్టుకుంది.

ఆ పల్లె ఇప్పుడు డల్లెస్ విమానాశ్రయపు పొరుగు. 2012 ఏప్రిల్ 17న డిస్కవరీ స్పేస్ షటిల్ ఒక పెద్ద విమానం వీపునెక్కి వాషింగ్టన్ మీదుగా చక్కర్లు కొట్టి ఇక్కడే దిగింది. ఎనిమిదేళ్ళ కొడుకును ఆ రోజు బడి మాన్పించి ఆకాశం చూపించారు వైద్యుడు. ముప్ఫై తొమ్మిది సార్లు పైకి వెళ్ళి వచ్చిన ఆ నౌక ఇప్పుడు పక్క ఊరు షాంటిలీలో ఉడ్వార్-హేజీ మ్యూజియంలో ఉంది. పిల్లవాడు దాని కింద నిలబడి, కాలిన పెంకుల మీది గీతలు లెక్కపెట్టేవాడు. ‘ఇది అక్కడ ఏం కనిపెట్టింది నాన్నా?’ అనే ప్రశ్నకు ఆయన అప్పుడు హబుల్ దుర్బిణి గురించి చెప్పారు. దాన్ని కక్ష్యలో వదిలింది డిస్కవరీయే.

ఆటకు తిరిగి వస్తే, సర్వే నౌక రాసుకొచ్చేదాని వెనుకే రెండో ప్రశ్న వస్తుంది. వైద్యుడు కొడుకుతో కలిసి శనివారం రాత్రులు ఆడడం మొదలుపెట్టిన ఆటలో అది 2231లో వచ్చింది. ఆయన పొలిమేరలోని ఒక నక్షత్రం దగ్గర, ఇంకా అంతరిక్షయానం తెలియని ఒక జాతి కనబడింది. నత్తల్లాంటి జీవులు. అణుయుగంలో ఉన్నారు, బాంబు చేయడం తెలుసు, ఆకాశంలో తమను చూస్తున్నవాళ్ళు ఉన్నారని తెలియదు. అలాంటి గ్రహం పైన ఒక పరిశీలన కేంద్రం కట్టుకోవచ్చు. కట్టాక ఏం చేయాలన్నది ఆడేవారి ఇష్టం. మౌనంగా చూస్తూ ఉండవచ్చు, కొంత విజ్ఞానం వస్తుంది. కిందివాళ్ళను పట్టి తెచ్చి పరీక్షించవచ్చు, ఎక్కువ విజ్ఞానం వస్తుంది. మన సాంకేతికత వాళ్ళకు నేర్పి, మన రక్షణలో ఉండే సామంతులుగా పైకి తేవచ్చు. వేషం మార్చిన మనుషులను దింపి లోపలి నుంచి కలుపుకోవచ్చు. లేదా నేరుగా సైన్యం దింపవచ్చు.

‘అగ్రెసివ్ అబ్జర్వేషన్ పెట్టు నాన్నా. రీసెర్చ్ బాగా వస్తుంది.’

‘పట్టుకొచ్చి కోసి చూడడమేగా అది?’

‘వాళ్ళు మనుషులు కారు కదా. నత్తలు.’

‘మా వృత్తిలో ఆ మాట ముందే విన్నాంలేరా.’

కొడుకు నవ్వాడు. తండ్రి కూడా నవ్వారు. కాని ఆ శనివారం ఆయన ఏదీ ఎంచుకోలేదు.

సామంతులుగా పైకి తేవడం అన్న దారి పత్తికొండలో పుట్టినవాడికి కొత్తగా ఉండదు. 1798లో నిజాం కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. తన రక్షణకు వచ్చిన కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని రాసిచ్చాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చింది. ఆ పేరు నచ్చకే 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. రాసిచ్చిన నేల మీదికి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్ళుండి, పాళెగాళ్ళను అణచి, పొలాలన్నీ కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు మాట్లాడాడు. వెళ్ళేటప్పుడు శిస్తు పావు వంతు తగ్గించాలని పైవాళ్ళకు రాశాడు. తరువాత మద్రాసు గవర్నరై, 1827లో ఈ సీమను మళ్ళీ చూడడానికి వచ్చి పత్తికొండలో కలరాతో చనిపోయాడు. సీమలో ఆయన్ని దేవుడిలా తలుచుకున్నవాళ్ళున్నారు. అంటువ్యాధుల వైద్యుడికి తన ఊరి గురించి చిన్నతనంలో తెలిసిన మొదటి చారిత్రక సంఘటన ఒక కలరా మరణం. మన్రో మంచివాడా అన్న ప్రశ్నకు ఊళ్ళో జవాబు ఉండేది: మంచివాడే. రమ్మన్నది మాత్రం మనం కాదు.

అందుచేత మౌనంగా చూస్తూ ఉండడమే నిర్దోషమైన దారి అనిపించవచ్చు. వైద్యుడిని అక్కడ కూడా నిలవనీయనిది ఆయన వృత్తి చరిత్రే. 1932లో అమెరికా ప్రజారోగ్య విభాగం అలబామాలోని టస్కీగీ పరిసరాల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. సుమారు ఆరు వందల మంది పేద నల్లజాతి పురుషులు. వారిలో 399 మందికి సిఫిలిస్ ఉంది. వైద్యం చేయకపోతే వ్యాధి ఎలా నడుస్తుందో చూడడమే ఉద్దేశం. వాళ్ళకు జబ్బు పేరు చెప్పలేదు. చెడ్డ రక్తం అన్నారంతే. 1947 నాటికి పెనిసిలిన్ అందరికీ తెలిసిన మందు. అయినా ఇవ్వలేదు. పత్రికలు బయటపెట్టిన 1972 దాకా, నలభై ఏళ్ళు, చూస్తూ ఉన్నారు. కత్తి పెట్టలేదు, విషం ఎక్కించలేదు. ఆటలోని మొదటి అంశానికి ఇంతకంటె కచ్చితమైన ఉదాహరణ వైద్య చరిత్రలో లేదు. నత్తల గ్రహం అణుయుగంలో ఉంది. ఆ దశలో ఉన్న జాతి తన బాంబులతో తనే బూడిదై, ఆ గ్రహం శ్మశానంగా మిగిలిపోవడం ఈ ఆటలో జరిగేదే. పైన కూర్చున్న కేంద్రం అప్పుడు దాన్ని కూడా నమోదు చేస్తుంది.

ఆటగా చూస్తే ఈ తర్జనభర్జన అంతా అనవసరం. ఒక్కొక్క అంశానికీ ఎంత లాభమో పక్కనే అంకె ఉంది. అంకెను బట్టి పోవచ్చు. అనుభవజ్ఞులు అలాగే పోతారు. స్టెల్లారిస్ చేసిన తెలివైన పనీ, ప్రమాదకరమైన పనీ ఒకటే. ఈ ప్రశ్నను యుద్ధం అంత ఆర్భాటంగా పెట్టదు, గని తవ్వాలా వద్దా అన్నంత మామూలు గొంతుతో, ఒక చిన్న జాబితాలో పెడుతుంది. ఆడేవాడు అక్కడ స్పేస్ మీట నొక్కి ఆగితే ఆగినట్టు, లేకపోతే లేదు. నిజమైన సామ్రాజ్యాలలోనూ గుమాస్తాల ముందుకు అది అలాంటి కాగితంగానే వచ్చి ఉంటుంది.

రెండు వారాలు వైద్యుడు కేంద్రాన్ని మౌన పరిశీలనలోనే ఉంచారు. ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి, ఆటలో 2258లో, తెర ఉన్నట్టుండి నిలిచిపోయింది. ఆపింది కొడుకు.

‘ఏమైందిరా, ఎవరైనా యుద్ధం ప్రకటించారా?’

‘లేదు నాన్నా. ఒకటి చెప్పాలి.’ కాసేపు ఫ్యాన్ చప్పుడు. ‘ఆర్గానిక్ కెమిస్ట్రీ డ్రాప్ చేశా.’

‘ఎప్పుడు?’

‘సెప్టెంబర్లో.’

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరికి ఎన్ని ఆదివారాలో ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టారు. ‘అంటే మెడిసిన్ లేదన్నమాట.’

‘లేదు. జాగ్రఫీలోకి మారా. మ్యాపులు, సర్వేలు. నాకు బాగుంది నాన్నా. నీకెట్లా చెప్పాలో తెలీక...’

ముప్ఫై ఏళ్ళు రోగుల పక్కన కూర్చున్న మనిషికి, అవతలి వాళ్ళు మాట పూర్తి చేసేదాకా ఆగడం తెలుసు. ఈసారి అవతలి మాట అయిపోయాక కూడా ఆయన ఆగారు. ఉద్యోగాల గురించి ఒక వాక్యం, తన తండ్రి పొలం అమ్మి చదివించిన సంగతి గురించి ఒక వాక్యం, ఐదు నెలలు దాచడం గురించి ఒక వాక్యం నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. మూడూ న్యాయమైనవే. తెర మీద తేదీ కదలడం లేదు.

‘ఏ పుస్తకాలు చెబుతున్నారు?’ అన్నారు చివరికి.

‘ఏంటి?’

‘ఆ క్లాసుల్లో. పేర్లు పంపించు, నేనూ చదువుతా. హెర్న్‌డన్ మీద ఏమన్నా ఉందా అందులో?’

‘మన హెర్న్‌డనా? ఊరి గురించా?’

‘ఊరు కాదురా, మనిషి. అమెజాన్ సర్వే చేశాడు. ఇన్నేళ్ళు ఇక్కడ పెరిగి తెలీదా? రేపు చెప్తా.’

‘నాన్నా, నీకు కోపం రాలేదా?’

‘వచ్చింది. ఇంకా ఉంది. అమ్మకు చెప్పావా?’

‘లేదు.’

‘అది నువ్వే చెప్పుకోవాలి. నేను అందులో వేలు పెట్టను.’

మరునాడు పదకొండు పుస్తకాల పేర్లు వచ్చాయి. వాటిలో రెండు ఊళ్ళోని ఫోర్ట్‌నైట్లీ గ్రంథాలయంలో దొరికాయి. మూడోదానికి పేరు రాయించుకుని వచ్చారు. ఆదివారం ఫోనులో తల్లి వంతు గంటా పదిహేను నిమిషాలు సాగింది. అందులో మొదటి ఇరవై నిమిషాలు ఇంటి చివరి గదిలోకి కూడా వినిపించాయి. ఆవిడ ఫోను పెట్టేసి వచ్చి, ‘మీకు ముందే తెలుసా?’ అని అడిగారు. నిన్న రాత్రే తెలిసిందని ఆయన చెప్పారు. తెలిసి ఏమన్నారంటే, పుస్తకాల పేర్లు అడిగానన్నారు. ఆవిడ ఆయన వైపు చాలాసేపు చూసి, కుక్కర్ కట్టేయడానికి లోపలికి వెళ్ళారు.

తరువాతి శనివారం ఆట 2271 దాకా నడిచింది. అణుయుగపు గ్రహం ఇంకా అణుయుగంలోనే ఉంది. దాని మీద ఏం చేయాలన్న విషయం తండ్రీకొడుకుల మధ్య ఇంకా తెగలేదు. కొడుకు ఇప్పుడు సాంకేతికత నేర్పాలన్న పక్షానికి వచ్చాడు, తండ్రి మన్రో గురించి చెబుతున్నారు.